పిల్లల కథల్లో మా మస్తాన్‌బీ ఎక్కడ?

సంపాదకుల వారికి,

పిల్లలు పుస్తకం ముట్టడం లేదని, దానికి సెల్‌ఫోనే కారణమని ఈ మధ్య అందరూ రాస్తున్నారు. మార్కాపురం దగ్గర పలకల గనుల్లో పనిచేసే వాళ్ల పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్‌గా నాకు ఇంకో కారణం కూడా కనిపిస్తోంది. మనం వాళ్ల చేతికిచ్చే కథల్లో వాళ్లు లేరు.

మా ఐదో తరగతిలో మస్తాన్‌బీ అనే పిల్ల ఉంది. చక్కగా రాస్తుంది. సొంతంగా ఓ కథ రాయమంటే లక్ష్మి అనే అమ్మాయి గురించి రాసింది. లక్ష్మి వాళ్ల నాయనమ్మ వాకిట్లో ముగ్గేసి పులిహోర కలుపుతుంది. "మీ జేజి గురించి రాయొచ్చు కదమ్మా" అన్నాను. "మా జేజి కథల్లో ఉండదు కదా టీచర్" అంది. ఆ మాటలో బాధేమీ లేదు. ఎండాకాలం ఎండ కాస్తుందన్నంత మామూలుగా అనేసింది. నాకు మాత్రం ఆ రోజంతా మనసు మనసులో లేదు.

విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక పుస్తకాల షాపుకు వెళ్లి, ముస్లిం అమ్మాయి ముఖ్యపాత్రగా తెలుగులో పిల్లల కథ ఏదైనా ఉందా అని అడిగాను. ఆయన పాపం కాసేపు వెతికి అక్బర్ బీర్బల్ కథలు తెచ్చి ముందు పెట్టారు. ఆయన్నని ఏం లాభం? మన కథల్లో రహీం అనేవాడు రంజాన్‌కు సేమ్యా తెచ్చి, రాముతో చేతులు కలిపి వెళ్లిపోతాడు. మిగతా మూడొందల అరవై రోజులూ ఏంచేస్తాడో ఎవరూ రాయరు. అడవి బిడ్డ తేనె ఇచ్చి దారి చూపిస్తాడు, అంతటితో వాడి పని అయిపోతుంది. కాలు సరిగా లేని పిల్లాడైతే చివరి పేజీలో పరుగుపందెంలో గెలవాల్సిందే, లేదా అందరూ వాడి మీద జాలిపడాల్సిందే. మా నాలుగో తరగతిలో కాలికి ఊతంగా కాలిపర్ వేసుకునే పిల్లాడొకడు గోళీలాటలో బడి మొత్తానికీ మొనగాడు. పెద్ద తరగతుల వాళ్లు కూడా వాడి దగ్గర గోళీలు పోగొట్టుకుని మొహాలు వేలాడేసుకుంటారు. నాకు కావలసింది అలాంటి వాడి కథ, వాడి కాలి గురించి కాదు.

అలాంటి పుస్తకాలు అసలే లేవా అంటే, ఉన్నాయి. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లోనే దళిత, ముస్లిం కుటుంబాల్లోని పిల్లల బతుకుల్లోంచి వచ్చిన కథలతో బొమ్మల పుస్తకాలు వేసింది. గోగు శ్యామల, జూపాక సుభద్ర, ఖదీర్‌బాబు లాంటి రచయితలు వాటికి రాశారు. శ్యామల గారి కథలో బాలమణి తెల్లారకముందే లేచి చేనుకు నీళ్లు కట్టడానికి వెళ్తుంది. ఆ పిల్లకు భయం ఉంది, తెలివి ఉంది, పని వచ్చు. హైదరాబాద్‌లో ఉండే స్నేహితురాలు పంపితే చదివి వినిపించాను. రోజూ కథ సగంలో ఉండగానే మంచినీళ్లకని లేచే వెనక వరస పిల్లలు ఆ రోజు కదల్లేదు. "మడవ తిప్పేది మా అమ్మ కూడా చేస్తది టీచర్" అని ఒకమ్మాయి మధ్యలోనే అందుకుంది. ఆ తర్వాత ఎవరింట్లో ఎవరు నీళ్లు కడతారో చెప్పడంతోనే పీరియడ్ అయిపోయింది.

ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో 2015 నుంచీ కథలు ఉచితంగా దొరుకుతున్నాయి, తెలుగులోనూ ఉన్నాయి. దించుకుని అచ్చు వేసుకోవడానికి అనుమతి కూడా ఉంది. నేను నలుపు తెలుపులో జిరాక్స్ తీయించి, పిన్నులు కొట్టి, రంగులు పిల్లల్నే వేసుకోమంటాను. బొమ్మలో అమ్మాయి ఒంటికి వేయడానికి పెట్టెలో ఉన్న లేత గులాబీ క్రేయాన్ నచ్చక, మస్తాన్‌బీ గోధుమరంగు మీద నారింజ రుద్ది తన చేతి పక్కన పెట్టి చూసుకుంది.

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి ఫొటోకు దండ వేసి తెలుగు గొప్పదనం చెప్పుకుంటాం. ఆ మహానుభావుడు పర్లాకిమిడిలో ఉండగా సవరలనే గిరిజనుల భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం వాళ్ల భాషలోనే వాచకాలు రాశారన్న సంగతి ఆ సభల్లో నేనెప్పుడూ వినలేదు. నూరేళ్ల కిందట ఒక్క మనిషి తలకెత్తుకున్న పని అది. మనకు ఇప్పుడు గ్రంథాలయ సంస్థలున్నాయి, చట్టం ఉంది, డబ్బు కూడా వసూలవుతోంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు సెస్సుగా కడుతున్నాం. గనిలో రాయి కొట్టే మస్తాన్‌బీ వాళ్ల నాన్న కూడా కడుతున్నాడు. ఆ డబ్బుతో శాఖా గ్రంథాలయాలకు వచ్చే పిల్లల పుస్తకాల్లో మళ్లీ అవే నీతికథలు, అవే రాజులు, అవే అట్టలు.

నీతికథలు తీసేయమని నేను అనడం లేదు. వాటిని నేనూ ఇష్టంగానే చెప్తాను. కానీ కొనే ముందు ఎవరైనా ఒకరు ఆ పుస్తకం తెరిచి, ఇందులో ముఖ్యపాత్ర ఎవరు, సాయం చేసేది ఎవరు, చేయించుకునేది ఎవరు, బొమ్మల్లో దొంగ ఒక్కడే నల్లగా ఉన్నాడా అని చూడాలి. పది నిమిషాల పని.

జిల్లా గ్రంథాలయ సంస్థల వారికి నా విన్నపం ఇది. పుస్తకాలు ఎంపిక చేసేటప్పుడు సర్కారు ప్రాథమిక బడి టీచర్ని ఒకరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి. కొన్న పుస్తకాల జాబితా ప్రతి శాఖా గ్రంథాలయం గోడ మీదా అంటించండి. నవంబరు 14న మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన పోటీలతో పాటు, పిల్లలు తమ ఇంట్లో వాళ్ల గురించి రాసిన కథలు కూడా తీసుకోండి. బాగున్నవి చిన్న పుస్తకంగా కుట్టి అక్కడే బల్ల మీద పెట్టండి. మా బడి నుంచి కథలు పంపే పూచీ నాది.

— ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, మార్కాపురం