స్కాజిట్ ఏటి ఒడ్డున గద్దలు

అమ్మలూ,

గద్ద చేపను తన్నుకుపోవడం చూశావా నాన్నా అని వీడియో కాల్‌లో అడిగావు. చూడలేదమ్మా. ఎక్కువసేపు చూసింది అవి కొమ్మల మీద కూర్చోవడమే. అయినా ఫోన్లో రెండు ముక్కల్లో చెప్పి వదిలేయబుద్ధి కాలేదు.

మీ అన్నయ్య వాళ్ళ ఇంటి నుంచి ఉత్తరంగా కారులో రెండు గంటలు వెళ్తే స్కాజిట్ నది, ఈ అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలోనే. రాక్‌పోర్ట్, మార్బుల్‌మౌంట్ అనే చిన్న ఊళ్ళ మధ్య రోడ్డు ఏటి పక్కనే పోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో అలాస్కా, కెనడాల నుంచి కూడా బాల్డ్ ఈగల్స్ అనే ఈ తెల్లతల గద్దలు ఇక్కడికి వస్తాయి. చమ్ సాల్మన్ అనే చేప కోసం. అదీ మన పులసలాగే సముద్రం నుంచి ఏటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి వస్తుంది. కాకపోతే దీనికి తిరుగు ప్రయాణం లేదు. గుడ్లు పెట్టిన కొద్ది రోజులకే చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తుంది. ఒకటి నా కాళ్ళ దగ్గరే పడుంది. మూరన్నర పొడవు, ఒళ్ళంతా తెల్లగా పాలిపోయింది. గుడ్ల కోసం రాళ్ళలో గుంట తవ్వేది తోకతోనే కాబట్టి దాని అంచు పీలికలైపోయింది. కళ్ళు లేవు, కాకుల పనే అయ్యుంటుంది. వాసన సంగతి అడక్కు, మీ వదిన కారు దిగితే ఒట్టు.

అవతలి రాళ్ళ దిబ్బ మీద ఓ గద్ద అలాంటి చేపనే కాలితో తొక్కిపట్టి పీక్కుతింటోంది. ఇంకా తల తెల్లబడని పడుచుది (అందుకు నాలుగైదేళ్ళు పడుతుంది) వచ్చి పక్కన వాలింది. పెద్దది రెక్కలు చాచింది, ఆరడుగుల పైమాటే. ఆ గోధుమరంగుది బెదరలేదు, చేపను లాక్కుంది! పెద్దది సన్నగా కిచకిచమని ఊరుకుంది. ఇంత పక్షికి ఆ గొంతేమిటో! సినిమాల్లో దానికి పెట్టే కేక చాలాసార్లు వేరే డేగది.

మా చిన్నప్పుడు మలేరియా వాళ్ళు మన గోడలకు కొట్టి తేదీ రాసి వెళ్ళిన డీడీటీ అనే దోమల మందే ఇక్కడ వీటి కొంప ముంచింది. గుడ్ల పెంకు పలచబడి, పొదుగుతుంటేనే పగిలిపోయేవి. 1963లో అలాస్కా కాక మిగతా అమెరికాలో గూడు కట్టిన జంటలు 417 మాత్రమే లెక్క తేలాయి. 1972లో ఆ మందు నిషేధించారు. 2007 నాటికి గానీ వీటి పేరు అంతరించే ప్రమాదమున్న ప్రాణుల జాబితాలోంచి పోలేదు.

కూర్చోవడం బద్ధకం అనుకోకు. చలికాలంలో తిన్నది ఒంట్లో నిలవాలంటే కదలకూడదు. మనం దగ్గరికెళ్ళి లేపితే ఆ పూట తిన్నది ఎగరడానికే సరి. రోడ్డు మీది నుంచే బైనాక్యులర్స్‌తో చూడటం మర్యాద. కారు తలుపు గట్టిగా వేసినందుకు మీ అన్నయ్యను కసిరాను కూడా.

వచ్చే ఏడాది మీరు డిసెంబరు చివర్లో రండి. పొద్దున్నే వెళ్ళాలి, తిండి వేళ అదే. వానలకు ఏరు పొంగితే చేపలన్నీ కొట్టుకుపోతాయి, గద్దలు కిందనున్న పాల డెయిరీల వైపు పోతాయట. అప్పుడు అటే వెళ్దాం. బుజ్జిగాడికి మందం సాక్సులు ఇక్కడే కొంటాను, అక్కడివి ఈ చలికి ఆగవు.

మీ నాన్న