ఆసుపత్రి సూపరింటెండెంట్ గారికి బహిరంగ లేఖ: గుండెకూ ఎమ్మారై తీయించండి

అయ్యా,

మా అబ్బాయికి నాలుగో ఏట కవాసాకి వ్యాధి వచ్చింది. 1967లో జపాన్ పిల్లల వైద్యుడు తొమిసాకు కవాసాకి వివరించిన జబ్బు ఇది. తగ్గని జ్వరం, ఎర్రటి కళ్లు, ఆపై వేళ్ల కొసల్లో పొరలుగా ఊడిన చర్మం. అవన్నీ పోయాయి. గుండె ధమనిలో ఒకచోట బుడగలాంటి ఉబ్బు మాత్రం మిగిలింది.

ఇప్పుడు వాడికి పదకొండేళ్లు. ఎదిగిన ఛాతీలో ఎకోకు (గుండెకు చేసే అల్ట్రాసౌండ్ స్కాన్‌కు) ఆ ఉబ్బు సరిగా చిక్కడం లేదు. సీటీ గానీ, గొట్టం పంపే యాంజియోగ్రామ్ గానీ తీయించమన్నారు మీ వైద్యులు. రెండింటిలోనూ ఎక్స్‌రేలే. జీవితాంతం కనిపెట్టుకోవలసిన గుండెకు ఎన్నిసార్లని?

మీ ఎమ్మారై యంత్రం రోజంతా మోకాళ్లకు, వెన్నుపూసలకే సరిపోతోంది. ఆ యంత్రమే ఎక్స్‌రేలు లేకుండా, ఈసీజీని అనుసరించి, గుండె కాస్త నిలకడగా ఉండే క్షణాల్లోనే ధమనుల బొమ్మ తీయగలదు. ఊపిరితో పాటు కదిలే డయాఫ్రమ్ అనే కండరపు పొర కదలికను గమనిస్తుంది కనుక పిల్లవాడు ఊపిరి బిగపట్టనక్కర్లేదు. రంగుమందు లేకుండానే రక్తం తెల్లగా మెరుస్తుంది. 2001లో ప్రచురితమైన 109 మంది రోగుల ఎమ్మారై అధ్యయనంలోనే ధమనుల మొదలు, నడిమి భాగాల్లో 84 శాతం బొమ్మల్లో చదవగలిగారు. సన్నని కొసలకు సీటీయే మేలు, ఒప్పుకుంటాను. కానీ కవాసాకి ఉబ్బులు ఎక్కువగా మొదళ్ల దగ్గరే వస్తాయి!

తగిన సాఫ్ట్‌వేర్ లేదని, టెక్నీషియన్‌కు శిక్షణ లేదని కౌంటర్‌లో చెప్పారు. ఆ రెండూ సమకూర్చి, వారంలో ఒక్క పూట ఇలాంటి పిల్లలకు కేటాయించండి. యంత్రం చప్పుడుకు మావాడు భయపడడు, ఇంట్లో మిక్సీ పక్కనే నిద్రపోతాడు.

ఇట్లు,
ఒక తల్లి