టిప్పు ఇచ్చినా కుర్రాడికి చేరేదెలా?

సంపాదకులకు నమస్కారం.

డాలస్‌లో ఉంటున్న మా అబ్బాయి దగ్గర కొన్నాళ్లుండి గుంటూరు వచ్చాను. అక్కడ హోటల్లో బిల్లు 60 డాలర్లయితే, కింద ఖాళీగా ఉన్న గీత మీద మా కోడలు మరో 12 రాసి సంతకం పెట్టింది. "వెయ్యి రూపాయలు! ఎందుకమ్మా?" అన్నాను. "వాళ్లకు అదే జీతం అత్తయ్యా" అంది.

నిజమే. టిప్పులు వచ్చే పనివాళ్లకు యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలంటుంది అమెరికా ఫెడరల్ చట్టం. 1991 నుంచి ఆ అంకె కదల్లేదు. టిప్పులతో కలిపినా గంటకు కనీస వేతనం 7.25 డాలర్లు రాకపోతేనే తేడా యజమాని భరించాలి. కాలిఫోర్నియాలో ఈ వెసులుబాటు లేదు, మా అబ్బాయి ఉండే టెక్సాస్‌లో ఉంది. కాబట్టి పిల్లల దగ్గరకు వెళ్లే మన పెద్దలు రూపాయల్లోకి మార్చుకుని గొణగడం మానాలి. కూర్చుని తింటే 15 నుంచి 20 శాతం ఇవ్వాల్సిందే. కౌంటర్‌లో కాఫీ తీసుకున్నా ట్యాబ్ మనవైపు తిప్పి 18, 20, 25 చూపిస్తారే, అక్కడ మాత్రం 'నో టిప్' నొక్కొచ్చు. వెనక క్యూ ఉందని టెన్షన్ అక్కర్లేదు.

ఇక్కడి సంగతి వేరు. సోంపు గిన్నెలో పదో ఇరవయ్యో పెట్టే అలవాటు ఫోన్‌పే వచ్చాక తగ్గిపోయింది. బ్రాడీపేటలో మేం టిఫిన్‌కి వెళ్లేచోట స్కాన్ చేసిందంతా గల్లాపెట్టెకే. అడక్కుండానే రెండోసారి అల్లం చట్నీ వేసే కుర్రాడికి ఏమీ రాదు. జీతం యజమానే ఇవ్వాలి, అమెరికా పద్ధతి మనకొద్దు. కాకపోతే ఇష్టంతో ఇచ్చేది నేరుగా చేరేలా, సర్వర్ల క్యూఆర్ కోడ్‌ను బల్లల మీద పెట్టనివ్వాలని గుంటూరు, విజయవాడ హోటళ్లవారిని కోరుతున్నాను.

— విశ్రాంత బ్యాంకు ఉద్యోగిని, గుంటూరు