మా పిల్లలకు పాఠం చెప్పిన అమ్మగారికి కృతజ్ఞతలు

పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, అందరికీ మీరెవరో తెలుసు.

మా అమ్మాయి ఈ ఈస్టరు తర్వాత మొదటి దివ్యసత్ప్రసాదం, అంటే చర్చి పూజలో ఇచ్చే పవిత్రమైన అప్పం, తీసుకుంది. అబ్బాయికి మేత్రాణులవారి (బిషప్పుగారి) చేతుల మీదుగా భద్రమైన అభ్యంగనం, అంటే విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం, జరిగింది. ఇద్దరినీ సిద్ధం చేసింది మీరే అమ్మా. పొలం పనులు ముగించుకొచ్చి, సాయంత్రం గుడి వరండాలో చాప పరిచి కూర్చునేవారు.

పాపకు జపాలన్నీ నోటికి వచ్చు. భయమంతా ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనం గురించే. మీరు దాని పక్కనే మోకరించి, "స్వామివారు నిన్ను తిట్టడానికి కాదమ్మా, యేసయ్య క్షమాపణ నీకు చెప్పడానికి కూర్చుంటారు" అన్నారు. అప్పం అంగిలికి అంటుకుంటుందేమోనన్న దిగులు కూడా ఉండేది. అభిషేకించని అప్పం ముక్క నోట్లో పెట్టి, నమలకుండా నెమ్మదిగా కరగనివ్వడం నేర్పారు. పూజలో అది చేతులు జోడించి "ఆమెన్" అంటుంటే నాకు కళ్ళు నిండిపోయాయి.

ఈస్టరుకు ముందు వచ్చే పరిశుద్ధ గురువారం దగ్గర్లో మేత్రాణులవారు ఆశీర్వదించే పరిమళ తైలాన్నే నుదుట పూస్తారని, జ్ఞానస్నానంలో తల్లిదండ్రులు తన తరఫున చెప్పిన మాటను ఇప్పుడు తనే చెప్పాలని అబ్బాయికి అర్థమయ్యేదాకా చెప్పారు. వాడిప్పుడు ఆదివారం పూజకు ఎవరూ లేపకుండానే లేస్తున్నాడు.

డబ్బులిస్తే తీసుకోలేదు, చీర పెడితే వద్దన్నారు. కనీసం వచ్చే ఆదివారం పూజ అయ్యాక మా ఇంట్లో భోజనం చేసి వెళ్ళండమ్మా.