లైట్‌రూమ్ మానేసే ముందు శీనుగాడికి నాలుగు మాటలు

ఒరేయ్ శీనూ,

ఫొటోలు ఎడిట్ చేసే లైట్‌రూమ్‌కి చందా కట్టీ కట్టీ విసుగొచ్చి, అదే పని ఉచితంగా చేసే డార్క్‌టేబుల్‌కి మారతానన్నావు. మారు, తప్పేం లేదు. చేతిలో ఉన్న పెళ్లి ఆల్బమ్‌లు డెలివరీ అయ్యాకే మారు. ఏడాది ప్లాన్‌కి నెలనెలా కడుతుంటే మధ్యలో ఆపినందుకు డబ్బు పట్టుకుంటారు, రెన్యూవల్ తేదీ చూసుకో.

నీ పాత ఎడిటింగ్ అంతా ఉండేది క్యాటలాగ్‌లో, అంటే లైట్‌రూమ్ రాసుకునే చిట్టాలో. ఫొటోలన్నీ సెలెక్ట్ చేసి కంట్రోల్ ఎస్ కొడితే ఒక్కో రా ఫైల్ (కెమెరా దిద్దకుండా ఇచ్చే ఫొటో) పక్కన ఆ ఎడిటింగ్ వివరాలున్న ఒక చిన్న ఎక్స్ఎంపీ ఫైల్ పడుతుంది. అందులోంచి స్టార్ రేటింగులు, కీవర్డులు, క్రాప్ లాంటివి డార్క్‌టేబుల్ తీసుకుంటుంది. రంగులు మాత్రం అచ్చం అలాగే రావు, స్లైడర్ వెనకున్న లెక్క ఎవరిది వాళ్లదే. చందా ఆగిపోయినా లైట్‌రూమ్ క్లాసిక్ తెరుచుకుంటుంది, ఎక్స్‌పోర్ట్ కూడా అవుతుంది, కానీ ఫొటోలు దిద్దే డెవలప్ విభాగం మూతబడుతుంది. అందుకే పోర్ట్‌ఫోలియో ఫొటోలు ముందే నాణ్యత తగ్గని 16 బిట్ టిఫ్ ఫైళ్లుగా తీసిపెట్టుకో. 24 మెగాపిక్సెల్ ఫొటో కంప్రెస్ చేయకపోతే దాదాపు 144 ఎంబీ అవుతుంది, కాబట్టి మిగతావాటికి జేపెగ్ చాలు.

డార్క్‌టేబుల్‌లో మొదటి ఫొటో తెరవగానే "ఇదేంట్రా, ఇంత చప్పగా ఉంది" అంటావు. కెమెరా వెనక నువ్వు చూసింది కంపెనీవాడు రంగులద్ది ఇచ్చిన జేపెగ్, ఇది వట్టి రా. ముందు ఎక్స్‌పోజర్ పెంచు. పెళ్లికూతురి మొహం సరిగ్గా కనపడేదాకా పెంచు, తెల్ల పంచె మరీ తెల్లబడి మడతలు కనపడకపోయినా అప్పటికి పట్టించుకోకు. తర్వాత వెలుగునీడల్ని సర్దే సిగ్మాయిడ్ అనే మాడ్యూల్ (డార్క్‌టేబుల్‌లో ఒక్కో పనికి ఉండే పనిముట్టు) ఆన్ చేస్తే, కెమెరాలోనే కాలిపోయిన చోటు తప్ప మిగతా వెలుగంతా దారికొస్తుంది. ఫిల్మిక్ కూడా అదే పని చేస్తుంది, రెండూ కలిపి పెట్టావంటే ఫొటో పాడవుతుంది.

వైట్ బ్యాలెన్స్ దగ్గరే, అంటే లైట్ల రంగు ఫొటోకి అంటకుండా సరిచేసే చోటే, అందరూ బోల్తా పడతారు. ఆ పేరుతో ఉన్న మాడ్యూల్‌ని ముట్టుకోకు, కెమెరా రిఫరెన్స్ మీదే వదిలేయ్. మండపంలో పసుపు లైట్లు ఉంటే కలర్ క్యాలిబ్రేషన్ అనే మాడ్యూల్‌లో సరిచెయ్. రెండు చోట్లా మార్చావంటే ఒకే దిద్దుబాటు రెండుసార్లు పడి చర్మం రంగు చెడుతుంది, ఎర్రగా హెచ్చరిక కూడా వస్తుంది. తక్కువ వెలుగులో ఫొటోలో పడే చుక్కలకి, అంటే నాయిస్‌కి, డీనాయిస్ ప్రొఫైల్డ్ మాడ్యూల్ వాడు, నీ కెమెరాకీ ఐఎస్ఓకీ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) తగ్గ లెక్కలు అందులోనే ఉంటాయి. కానీ గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో ఓపిక కావాలి. మరీ ఎక్కువ ఐఎస్ఓలో లైట్‌రూమ్ ఏఐ డీనాయిసే మెరుగు, అది ఒప్పుకోవాలి.

ఫొటోషాప్ మాత్రం ఇప్పుడే తీసేయకు. 12×36 అంగుళాల ఆల్బమ్ షీట్ అంటే 300 డీపీఐ దగ్గర 3600×10800 పిక్సెళ్లు, ఫొటోషాప్‌కి బదులు వాడే ఉచిత జింప్‌కి అదేం బరువు కాదు. చిక్కంతా నువ్వు కొన్న పీఎస్డీ (ఫొటోషాప్ ఫైల్) టెంప్లేట్లతోనే. వాటిలోని స్మార్ట్ ఆబ్జెక్టులు, అంటే నీ ఫొటో మార్చిపెట్టుకునే గళ్లు, జింప్‌లో ఫొటోషాప్‌లో లాగా పనిచేయవు. నీ టెంప్లేట్లలో నాలుగైదు తెరిచి చూశాకే తేల్చుకో. 2025లో వచ్చిన జింప్ 3.0 వేసుకో. అందులో లేయర్ మీద వేసిన ఫిల్టర్‌ని తర్వాత కూడా మార్చుకోవచ్చు. అది రా ఫైళ్లను సొంతంగా తెరవదు, డార్క్‌టేబుల్‌కి అప్పగిస్తుంది. యూనికోడ్ తెలుగు పేర్లు జింప్‌లో ఒత్తులు చెదరకుండా పడతాయి. పాత ఫొటోషాప్‌లో అయితే టైప్ ప్రిఫరెన్సుల్లో దక్షిణాసియా భాషల ఆప్షన్ పెడితేగానీ కుదరదు. యూనికోడ్ కాని అను ఫాంట్లతో చేసిన పాత డిజైన్లలోని అక్షరాలు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి, లేదా మళ్లీ టైప్ చేసుకోవాలి.

ముందు ఒక చిన్న ఫంక్షన్ ఫోల్డర్ కాపీ చేసుకుని దాని మీద మొదలుపెట్టు. ఎక్కడ ఆగిపోతే అక్కడ స్క్రీన్‌షాట్ పంపు, ఎడమ పక్కనున్న హిస్టరీ (నువ్వు చేసిన మార్పుల వరస) కూడా కనపడేలా తియ్యి.

నీ
రాంబాబు