మన సంఘం వార్షిక నివేదిక: అమిస్టాడ్ బందీలతో ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది, దసరా, దీపావళి ఎప్పటిలాగే జరుపుకున్నాం. పిల్లల తెలుగు బడి ఆగకుండా సాగింది. జమాఖర్చుల పట్టిక విడిగా పంపుతున్నాం. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు ఫిబ్రవరి, ఆగస్టు కార్యక్రమాలకే ఇస్తున్నాను.

ఫిబ్రవరి నల్లజాతీయుల చరిత్ర మాసం. ఆ నెలలో 1997 నాటి ‘అమిస్టాడ్’ చిత్రం ప్రదర్శించాం. కనెటికట్‌లో ఉంటున్న మనకు ఇది పక్క ఊరి కథే. సియెర్రా లియోన్ ప్రాంతం నుంచి పట్టుకొచ్చి హవానాలో అమ్మిన 53 మంది ఆఫ్రికన్లలో సెంగ్బే పియే ఒకడు. 1839 జులైలో అతని నాయకత్వంలో వాళ్లు చెరకు నరికే కత్తులతో, తమను తీసుకెళ్తున్న అమిస్టాడ్ అనే ఓడను చేజిక్కించుకున్నారు. పొద్దుపొడుపు దిక్కుకు, అంటే ఇంటివైపు, నడపమన్నారు. ప్రాణాలతో వదిలిన యజమానులు రాత్రిళ్లు ఓడను ఉత్తరానికి తిప్పేశారు. చివరికి ఆఫ్రికన్లు లాంగ్ ఐలాండ్ దగ్గర పట్టుబడి న్యూహేవెన్ జైలు పాలయ్యారు.

వాళ్ల మాట ఇక్కడ ఎవరికీ తెలియదు. యేల్ ఆచార్యుడు జోసయా గిబ్స్ వాళ్ల దగ్గర ఒకటి నుంచి పది దాకా అంకెలు నేర్చుకుని, న్యూయార్క్ రేవులో పైకి చదువుతూ తిరిగాడు. జేమ్స్ కవీ అనే నావికుడు అది మెందే భాష అని గుర్తుపట్టాడు. ఆ భాషలో నాలుగును ‘నాని’ అంటారని మన ప్రదర్శనలో చెప్పగానే, ఇంట్లో అదే ముద్దుపేరున్న బాబు లేచి నిలబడి, ఇంకోసారి చెప్పమన్నాడు.

సినిమాలో, బందీల్లో ఒకడైన యాంబా జైల్లో బైబిలు బొమ్మలు చూస్తూ ఏసు కథ చెప్పుకునే ఘట్టం దగ్గర హాలంతా నిశ్శబ్దమైంది. అంతమాత్రాన వాళ్లకు భక్తి జైల్లోనే అబ్బిందనుకోకూడదు. మెందేలకు న్గేవో అనే పరమదైవం ఉన్నాడు, పూర్వీకుల ద్వారా ఆయనకు మొర పెట్టుకుంటారు. సినిమాలో సెంగ్బే, సుప్రీంకోర్టులో తమ తరఫున వాదించే మాజీ అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్స్‌తో, తన పూర్వీకులను పిలుస్తానంటాడు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టుకునే మనకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

ఒక అసంతృప్తి కూడా రాయాలి. చిత్రంలోని నల్లజాతి ఉద్యమకారుడు జోడ్సన్ కల్పిత పాత్ర. బానిసత్వం నుంచి తప్పించుకుని హార్ట్‌ఫర్డ్‌లో పాదరీ అయిన జేమ్స్ పెన్నింగ్టన్ నిజంగా ఉన్నాడు. మెందేలు ఇల్లు చేరడానికి 1841లో ఒక సంఘమే కట్టాడు. ఆయనను చూపించి ఉండాల్సింది.

ఆగస్టులో ఫార్మింగ్టన్ వెళ్లాం. 1841 మార్చిలో సుప్రీంకోర్టు విడిచిపెట్టాక వాళ్లు ఉన్నది ఆ ఊళ్లోనే. అక్కడి శ్మశానంలో వాళ్లలో ఒకడైన ఫూనే సమాధి ఉంది. 1841 ఆగస్టులో కాలువ మడుగులో మునిగిపోయాడు. ఇంటి బెంగతోనే ప్రాణం వదిలాడని అప్పట్లో అనుకున్నారు. అతను హక్కు చాటుకుని ఓడను పట్టుకున్నవారిలో ఒకడని రాతి మీద చెక్కారు. బడి పిల్లలు ఆ అక్షరాలను వేలితో తడుముతూ చదివారు. మిగిలిన 35 మంది 1841 నవంబరులో ఇంటికి ఓడెక్కారు.

వచ్చే ఫిబ్రవరిలో పెన్నింగ్టన్ 1849లో ప్రచురించిన ఆత్మకథను కలిసి చదవాలని కార్యవర్గం నిర్ణయించింది. చదివి వినిపించగలవారు ఉగాదిలోగా పేర్లు ఇవ్వండి.

– కార్యదర్శి