కొమ్ములకు టేపు ఉంది, మాటకు లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా విల్లు వేట మీద వచ్చిన వ్యాసం చదివాను. నేను ఒహాయోలో ఉంటాను, ఆఫీసులో నా చుట్టూ ఉన్నవాళ్లలో సగం మంది వేటగాళ్లే, నేను మాత్రం ఇంతవరకు బాణం పట్టలేదు, పట్టాలన్న సరదా కూడా లేదు. అయినా ఆ వ్యాసం చదివాక ఊరుకోలేకపోయాను. విల్లు పట్టిన ప్రతివాడూ అడవి దొంగే అన్నట్టు రాసి, మధ్యలో రికార్డు దుప్పుల, అంటే అతి పెద్ద కొమ్ములున్నవాటి గొడవల గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేశారు. నన్నడిగితే ఆ రెండు ముక్కలే అసలు కథ.

ముందు దొంగల సంగతి తేల్చేద్దాం. ఇక్కడ వైట్‌టెయిల్ అనే తెల్లతోక దుప్పులు కోట్ల సంఖ్యలో ఉన్నాయి. రాత్రిపూట హైవే మీద కారుకి అడ్డం పడేవి ఇవే, పెరట్లో పూలమొక్కలు మేసేసేవీ ఇవే. ఒహాయోలో విల్లు సీజన్ సెప్టెంబరు చివర్లో మొదలై ఫిబ్రవరి మొదట్లో అయిపోతుంది. లైసెన్సు కావాలి, ఎవరి పొలంలో దిగినా యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, కొమ్ములున్న దుప్పి ఏడాదికి ఒక్కటే. తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను వేసి ఆ డబ్బు అడవి జంతువుల సంరక్షణకి మళ్లించే చట్టం 1937 నుంచి ఉంది, విల్లంబుల్ని కూడా ఆ పన్ను కిందికి తెచ్చింది 1972లో. మన దగ్గర వేటను కట్టడి చేస్తూ వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది కూడా 1972లోనే. రెండు దేశాలూ ఒకే ఏడాది రెండు వేర్వేరు దార్లు పట్టాయి, మనది మనకి సరైందే, వాళ్లది వాళ్లకి నడుస్తోంది. మన చట్టం పట్టుకెళ్లి వాళ్ల మీద పెట్టి అందరూ నేరస్తులే అంటే ఎలా అండీ?

ఇక రికార్డు పుస్తకాలు, అంటే పెద్ద కొమ్ముల కొలతలు, వేటగాళ్ల పేర్లు ఎక్కించి క్లబ్బులు వేసే జాబితాలు. బూన్ అండ్ క్రాకెట్ క్లబ్ 1887లో పెట్టింది, పెట్టినవాళ్లలో ముఖ్యుడు థియోడర్ రూజ్‌వెల్ట్, అప్పటికింకా ప్రెసిడెంట్ కాలేదు. ఇప్పుడు అందరూ వాడే కొలతల పద్ధతి ఆ క్లబ్బే 1950లో ఖాయం చేసింది. విల్లుతో కొట్టినవాటికి మాత్రమే అని పోప్ అండ్ యంగ్ క్లబ్ 1961లో వచ్చింది. ఆ పోప్ ఒక డాక్టరు. కాలిఫోర్నియాలో తన తెగ మొత్తం పోయి ఒక్కడే మిగిలిన ఇషీ అనే ఆదివాసీ దగ్గర ఆయన విలువిద్య నేర్చుకున్నాడు. 1911లో బయటి ప్రపంచంలోకి వచ్చిన ఇషీ 1916లో చనిపోయాడు. ఇవాళ ఆ క్లబ్బు ఇచ్చే అతి పెద్ద అవార్డు పేరు ఇషీ అవార్డు. తెల్లవాళ్ల చేతిలో సర్వం పోగొట్టుకున్న మనిషి పేరు మీద ట్రోఫీ ఇస్తున్నారంటే ఏమనాలో నాకు తెలీదు, అది వేరే ఉత్తరం.

కొలత ఎలా తీస్తారో చాలామందికి తెలియదు, నేను ఒక కొలీగ్ గరాజ్‌లో దగ్గరుండి చూశాను. బల్ల మీద పుర్రెతో సహా కొమ్ములు, పావు అంగుళం వెడల్పున్న ఉక్కు టేపు, ఒక పెన్సిల్, ఒక మాస్కింగ్ టేపు చుట్ట. కొలిచే పెద్దాయన క్లబ్బు దగ్గర శిక్షణ తీసుకున్నవాడు, డబ్బులు పుచ్చుకోడు. ఒక్కో కొన పెద్ద కొమ్ము నుంచి ఎక్కడ మొలిచిందో అక్కడ మాస్కింగ్ టేపు ముక్క అంటించి పెన్సిల్ గీత పెట్టాడు, ఆ గీత నుంచి కొన చివరిదాకా టేపు పట్టాడు. రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు, ప్రధాన కొమ్ము పొడవు, మందం ఒక్కో పక్క నాలుగుచోట్ల, అదీ రెండు కొనల మధ్య ఎక్కడ సన్నగా ఉంటే అక్కడే. అన్నీ అంగుళంలో ఎనిమిదో వంతు దాకా రాస్తారు. కూడికంతా అయ్యాక కోతలు మొదలవుతాయి. కుడి కొన పదంగుళాలుండి ఎడమది తొమ్మిదుంటే ఆ ఒక్క అంగుళం పోతుంది. కూడికకి గ్రాస్ అని, కోత పోగా మిగిలినదానికి నెట్ అని పేరు, పుస్తకంలోకెక్కేది నెట్. పచ్చి కొమ్ము ఆరితే కుంచించుకుపోతుంది కాబట్టి అరవై రోజులు ఆరాకే కొలిచింది లెక్క. పుర్రె చీలిందా, మధ్య వెడల్పు నమ్మడానికి లేదు కాబట్టి అసలు తీసుకోరు. విల్లు పుస్తకంలోకి, అంటే పోప్ అండ్ యంగ్ వాళ్లదానిలోకి, మామూలు ఆకారపు కొమ్ములకి మొత్తం 125 అంగుళాలు, వంకర కొనలు మొలిచినవాటికి 155 ఉంటే చాలు. ఆ కొలీగ్ దుప్పి 125కి కాస్తలో తప్పింది, ఆ సాయంత్రం మనిషి మొహం చూడాలి!

ఇంత పట్టింపుగా కొలుస్తారా, మరి ఆ దుప్పి ఎక్కడ పడింది, ఎవరి పొలంలో, కంచె లోపలా బయటా, దేనితో కొట్టాడు, పగలా లేక రాత్రి లైటు వేసా అనేవి ఎలా తేలుస్తారు? వేటగాడు సంతకం పెట్టిన కాగితంతో. న్యాయంగా వేటాడానని అఫిడవిట్. దొంగతనం చేసినవాడు అఫిడవిట్‌కి భయపడతాడా?

రికార్డు గొడవలన్నీ పుట్టేది ఇక్కడే. 1993లో కెనడా సస్కాచెవాన్‌లో మైలో హాన్సన్ అనే రైతు తుపాకితో కొట్టిన దుప్పి 213 5/8 వచ్చి ప్రపంచ రికార్డయింది. ఐదేళ్లకి, 1998 నవంబరులో మిషిగన్‌లో మిచ్ రొంపోలా అనే విల్లు వేటగాడు ఒక దుప్పిని కొట్టానన్నాడు, ఆ రాష్ట్రంలో కొలిచేవాళ్లు ముగ్గురు కూర్చుని కొలిస్తే 216 5/8 వచ్చింది. తుపాకి రికార్డుని బాణం కొట్టేసిందంటే ఊహించుకోండి. ఫొటోలు బయటికి రాగానే చెవులు వేలాడుతున్నాయేంటి, కొమ్ములు అంత వెడల్పేంటి, అతికించారేమో అని మొదలైంది. ఎక్స్‌రే తీయిస్తే అయిపోయేది. ఆయన తీయించలేదు, బూన్ అండ్ క్రాకెట్ పుస్తకానికి పంపనూ లేదు. పైగా హాన్సన్ తరఫు వాళ్లతో కాగితం రాసుకున్నాడు, దాన్ని ప్రపంచ రికార్డు అని చెప్పుకోనని. దశాబ్దాలు దాటినా ఇద్దరు వేటగాళ్లు కాఫీ దగ్గర కూర్చుంటే ఆ గొడవ ఇంకా లేస్తుంది. ఆయన అబద్ధమాడాడని నేననడం లేదు, ఎవరూ రుజువు చేయలేదు కూడా. పేరు అక్కర్లేని మనిషి అయ్యుండొచ్చు, నా ఇష్టం పొమ్మన్నాడేమో. కానీ లోకం దాన్ని ఒప్పుకోలేదు, రికార్డు ఉండి కూడా పుస్తకానికి పంపనివాడు వాళ్లకి అర్థం కాడు.

పంపాలనుకున్నా పేరు దక్కనివాడి కథ ఇంకోటి ఉంది. విస్కాన్సిన్‌లో 1914లో జేమ్స్ జోర్డాన్ అనే కుర్రాడు పెద్ద దుప్పిని కొట్టాడు. తలని గోడకి తగిలించేలా తయారుచేసిస్తానని టాక్సిడెర్మిస్టు, అంటే చచ్చిన జంతువుల్ని పాడవకుండా భద్రపరిచేవాడు, తీసుకెళ్లాడు, ఆయన ఊరు మారిపోయాడు, ఆయనతో పాటు కొమ్ములూ పోయాయి. అవి ఎక్కడెక్కడ తిరిగాయో గానీ ఆఖరికి మిన్నెసోటాలో పాత సామాన్ల అమ్మకంలో తేలాయి, ఒకాయన మూడు డాలర్లకి కొనుక్కున్నాడు. 1964లో కొలిపిస్తే ప్రపంచ రికార్డు! తర్వాత అధికారికంగా ఖాయమైన కొలత 206 1/8. జోర్డాన్ చూసి ఇవి నావే అన్నాడు. యాభై ఏళ్ల తర్వాత వచ్చి నావే అంటే ఎవరు నమ్ముతారు? పుస్తకంలో వేటగాడు తెలియదు అనే ఉండిపోయింది. చివరికి క్లబ్బు ఒప్పుకుని ఆయన పేరు ఎక్కించింది 1978 డిసెంబరులో. ఆయన పోయింది అదే ఏడాది అక్టోబరులో.

డబ్బు సంగతికొస్తాను. పెద్ద కొమ్ములకి నకళ్లు తయారుచేసి అమ్ముతారు, విల్లు కంపెనీలు, దుస్తుల కంపెనీలు వెంటపడతాయి, వేట ప్రదర్శనల్లో స్టాల్ పెట్టి ఫొటోలు దిగుతారు. 2023 నవంబరులో మా రాష్ట్రంలోనే ఒకతను క్రాస్‌బౌతో కొట్టిన దుప్పి ఫొటో వారంలో దేశమంతా తిరిగింది, రాష్ట్ర రికార్డే అన్నారు. తర్వాత వన్యప్రాణి అధికారులు తవ్వితే అది అనుమతి లేని పొలంలో పడ్డ దుప్పి, ఇంకోచోట కొట్టినట్టు చెప్పుకొచ్చాడని తేలింది. కేసు పడింది, నేరం ఒప్పుకున్నాడు, ఒక్క ఆ దుప్పికే పరిహారం 35 వేల డాలర్లు దాటింది. ఎందుకంత అంటే ఒహాయోలో దొంగవేటకి పరిహారం కొమ్ముల కొలతని బట్టి లెక్కగడతారు. ఏ అంగుళాలు చూపించి గొప్పవాడవుదామనుకున్నాడో ఆ అంగుళాలకే జరిమానా కట్టాడు. నాకు తెలిసి ఈ మొత్తం వ్యవహారంలో తెలివైన చట్టం అదొక్కటే.

మీ వ్యాసంలో దాన్ని విల్లు రికార్డు అని రాశారు, కాదు. క్రాస్‌బౌ అంటే తుపాకిలా భుజానికి ఆనించి ట్రిగ్గర్ నొక్కేది, పోప్ అండ్ యంగ్ వాళ్లు దాన్ని విల్లుగా ఒప్పుకోరు. ఇండియానాలో 2021లో పడిన 211 4/8 దుప్పి మామూలు ఆకారపు కొమ్ముల్లో జోర్డాన్ దుప్పిని దాటి అమెరికాలో అతి పెద్దది అయింది, అదీ క్రాస్‌బౌతోనే, అందుకే విల్లు పుస్తకంలో దానికి చోటు లేదు. అక్కడ మామూలు ఆకారపు కొమ్ముల్లో మొదటి స్థానం ఇప్పటికీ మెల్ జాన్సన్‌దే. 1965లో ఇల్లినాయ్ రాష్ట్రం పియోరియా కౌంటీలో సోయాబీన్ చేను పక్కన నేల మీద కూర్చుని కప్పీలు లేని మామూలు రికర్వ్ విల్లుతో కొట్టాడు, 204 4/8. అప్పటికి కప్పీలున్న కాంపౌండ్ విల్లు మార్కెట్లోకే రాలేదు. ఇప్పుడు చెట్టు మీద సీటు, చీకట్లో ఫొటోలు తీసే కెమెరాలు, లాగి పట్టుకున్నా చెయ్యి నొప్పెట్టని విల్లు అన్నీ ఉన్నాయి, ఆయన్ని మాత్రం దాటలేకపోతున్నారు. వేటగాళ్ల మీద నాకు కాస్త గౌరవం మిగిలిందంటే ఇలాంటివాళ్ల వల్లే.

నా మాట సూటిగా చెప్తాను. ఈ పుస్తకాలు దేనికయ్యా అని అడిగితే క్లబ్బులు చెప్పే జవాబు, మందలు ఎంత ఆరోగ్యంగా ఉన్నాయో, ఏ ప్రాంతంలో మంచి జంతువులు పెరుగుతున్నాయో తెలుసుకోవడానికి అని. మంచిదే. దానికి దుప్పి, కౌంటీ, సంవత్సరం, కొలత చాలు కదా, వేటగాడి పేరెందుకు, ఒకటో ర్యాంకు రెండో ర్యాంకు ఎందుకు? బూన్ అండ్ క్రాకెట్ పుస్తకంలో దారిపక్కన చచ్చిపడి దొరికిన దుప్పులు కూడా ఉన్నాయి. మిస్సోరీలో 1981లో అలా దొరికినదాని కొలత 333 7/8, వంకర కొమ్ముల్లో మొదటి స్థానం దానిదే. ఎవరూ కొట్టకుండానే రికార్డు నడుస్తున్నప్పుడు కొట్టినవాడి పేరు తీసేస్తే పుస్తకానికొచ్చిన నష్టమేంటి?

ఇది మా కొలీగ్‌తో అంటే ఆయన వెంటనే జోర్డాన్ పేరెత్తాడు, బతికినంతకాలం ఆ ఒక్క పేరు కోసం చూసిన ముసలాయనకి ఏం చెప్తావ్ అని. నా దగ్గర సరైన జవాబు లేదు. ఆయన సంగతి తలుచుకుంటే మనసుకి కష్టంగానే ఉంటుంది. కానీ ఒక్క జోర్డాన్‌కి పేరు దక్కడం కోసం ఆ పేరు వెనకాల పడే దొంగలందరికీ తలుపు తీసి ఉంచాలా అంటే, ఉంచొద్దనే అంటాను.

చివరగా మనవాళ్ల సంగతి ఒకటి, ఇది రాయకపోతే పైదంతా ఊరికే అమెరికావాళ్ల మీద చాడీలా ఉంటుంది. మన చుక్కల దుప్పి, తెలంగాణ రాష్ట్ర జంతువు, 1930లలో టెక్సస్‌కి వెళ్లి అక్కడ బాగా పెరిగింది, కృష్ణజింక కూడా అంతే. అవి అక్కడి జంతువులు కావు కాబట్టి సీజనూ లేదు, లెక్కా లేదు, పొలం యజమానికి డబ్బు కడితే ఏడాది పొడుగునా కొట్టొచ్చు. నేను పైన చెప్పిన రెండు పుస్తకాల్లోనూ వాటికి స్థానం లేదు, వాటికి వేరే క్లబ్బుల పుస్తకాలున్నాయి. మనవాళ్లు కొందరు వీకెండ్‌కి కంచె లోపల దుప్పుల్ని ఉంచే అలాంటి రాంచ్‌కి వెళ్లి విల్లు పట్టుకుని చచ్చిన దుప్పి పక్కన ఫొటో దిగి, రికార్డు బక్ (మగ దుప్పి) అని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో పెడుతున్నారు, కింద అభినందనల వర్షం. చట్టం ప్రకారం తప్పేమీ లేదు, డబ్బులు కట్టారు, కొట్టారు. కాకపోతే బాబూ, ఫొటోలో ఆ ఎనిమిదడుగుల ఇనప కంచె కూడా పడేలా దిగండి, అప్పుడు లైకులు కొట్టేవాళ్లు ఎన్ని కొట్టాలో వాళ్లే చూసుకుంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు,
కొలంబస్, ఒహాయో